వాయుగుండం ఉండగా 216 జాతీయ రహదారి మీద ఒంగోలు నుంచి విశాఖ: కోనసీమలోంచి బండి మీద వెళ్లొచ్చా?

ఒంగోలు_గిత్త
అందరికీ నమస్కారం. శుక్రవారం తెల్లారగట్ల నేనూ మా బావమరిదీ చెరో బండి మీద ఒంగోలులో బయల్దేరుతున్నాం. 216 పట్టుకుని చీరాల, బాపట్ల, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం, యానాం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా వెళ్లి, అక్కడ 16వ జాతీయ రహదారి ఎక్కి విశాఖ చేరాలని ప్లాను. ఆదివారం పొద్దున విశాఖలో మా మేనకోడలి నిశ్చితార్థం, కాబట్టి వాయిదా వేసే పని కాదు. నాది 150 పల్సర్, వాడిది పాత 350 బుల్లెట్.

చిక్కేంటంటే బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండం అవుతుందంటున్నారు. బుద్ధిగా 16 మీద పొమ్మని ఇంట్లో పోరు. నాకేమో కొబ్బరి తోటల మధ్య నుంచి బండి నడపాలని ఎప్పట్నుంచో కోరిక. వానలో నడపడం కొత్త కాదు కానీ ఆ డెల్టా రోడ్ల మీద నడపలేదు. ఆ వైపు వాళ్లు చెప్పండి.

చింతామణి_చిట్టిబాబు
నిశ్చితార్థం పిల్లదే కదా, నీది కాదుగా? రైలెక్కు అన్నాయ్.

లాంగ్‌రైడ్_రాజా
వాయుగుండానికే వణికితే ఇక నవంబరులో కోస్తాలో ఎవడూ బండి తియ్యడు. మంచి రెయిన్‌కోటు, మంచి టైర్లు ఉంటే చాలు. 216 ఇప్పుడు వెనకటి రోడ్డు కాదు, చాలా చోట్ల వెడల్పయింది. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి కాకినాడలో కాజా తింటూ ఉంటారు. వెళ్లండి.

కొబ్బరాకు
మాది అంబాజీపేట దగ్గర. రాజా గారు రోడ్డు గురించి చెప్పింది నిజమే, ఊరి గురించి చెప్పలేదు. కోనసీమంటే ఒక ఊరూ కాదు, ఒక మైదానమూ కాదు. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలి, వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోయి, మధ్యలో మిగిలిన లంకలే మేం ఉండే నేల. మీరు 216 మీద వస్తే చించినాడ దగ్గర వశిష్ఠ దాటి దిండిలో దిగుతారు. అక్కడి నుంచి రాజోలు, తాటిపాక, పాశర్లపూడి. పాశర్లపూడి దాటాక వైనతేయ మీద బోడసకుర్రు వంతెన. తర్వాత అమలాపురం, ముమ్మిడివరం, మురమళ్ల, ఎదుర్లంక. అక్కడ గౌతమి దాటితే యానాం.

అంటే మూడు పెద్ద వంతెనలు. గాలి పెరిగి వంతెనల మీద బళ్లు ఆపారంటే మీరు ఏ రెండింటి మధ్య ఉంటే అక్కడే. అమలాపురం వైపు చిక్కితే ఫర్వాలేదు, కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్లి 16 అందుకోవచ్చు. రాజోలు వైపు చిక్కితే పి.గన్నవరం అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) తప్ప వేరే దారి లేదు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సిన చోటు ఒంగోలు కాదు, పాలకొల్లు. అక్కడి దాకా వచ్చి ఆకాశం చూడండి. బాగోకపోతే చించినాడ వంతెన ఎక్కొద్దు. ఎడమకి మళ్లి మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర 16 ఎక్కెయ్యండి.

తుపాను_కన్ను
కొబ్బరాకు గారి మాటకు వాతావరణం వైపు నుంచి కొంచెం. తుపాను అని పేరు పెట్టాలంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటాలి. వాయుగుండం అంతకంటే చిన్నదే. కానీ బండివాడికి సగటు గాలితో పనిలేదు, విసురుతోనే పని. వాయుగుండంలో కూడా జల్లు పడే ముందు వచ్చే విసురు చాలా ఎక్కువ ఉంటుంది.

గాలి ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసుకోండి. తుపానైనా వాయుగుండమైనా మన అర్ధగోళంలో గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అది ఇంకా సముద్రంలో, మీకు ఆగ్నేయంగా ఉన్నంతసేపు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. మీరు వెళ్లేదీ అటే, అంటే ఎదురుగాలి. ఒళ్లు అలుస్తుంది, పెట్రోలు తాగుతుంది, అంతే. మీకు దక్షిణంగా, మచిలీపట్నం దగ్గరో బాపట్ల దగ్గరో తీరం దాటి లోపలికి పోయిందనుకోండి, కోనసీమకి గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది. అప్పుడది సముద్రం వైపు నుంచి, మీ కుడి పక్క నుంచి తోస్తుంది. వంతెనల మీద భయపడాల్సింది ఈ గాలికే. పైగా తుపాను దారికి కుడి వైపున ఎప్పుడూ గాలి జోరెక్కువ. తీరం దక్షిణాన దాటిందిలే, మనకేం కాదులే అని చాలామంది అనుకునేది అందుకే తప్పు.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కోనసీమలోని కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. కాబట్టి మీ దారి మీదికే రాదనీ అనుకోవద్దు. వాతావరణ శాఖ బులెటిన్ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. వాట్సాప్‌లో తిరిగే ఎర్ర మ్యాపులు కాదు, అసలు బులెటిన్. నారింజ హెచ్చరిక ఉన్న జిల్లాలోకి వంతెన దాటి వెళ్లొద్దనేది నా పద్ధతి.

లాంగ్‌రైడ్_రాజా
ఇంత చదువుకుని బండి ఎక్కాలంటే ఇక సైకిలే నయం.

వానకోయిల
కాకినాడ నుంచి. ఎదుర్లంక వంతెన మీద ఉద్యోగం కోసం వానలో, ఎండలో స్కూటీ మీద తిరిగేదాన్ని. రాజా గారూ, చదువు అక్కర్లేదు, ఒక్కసారి గాలిలో ఆ వంతెన ఎక్కండి చాలు.

ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. రెండు పక్కలా చెట్లుంటాయి, ఇళ్లుంటాయి. చెట్లు అయిపోయి రెయిలింగు మొదలైన చోట ఎవరో భుజం పట్టి నెట్టినట్టు బండి ఎడమకి జరిగిపోతుంది. అందుకని చెట్లు ఉండగానే వేగం తగ్గించుకుని, మోకాళ్లతో ట్యాంకు బిగించి (స్కూటరైతే అదీ లేదు), హ్యాండిలు మాత్రం వదులుగా పట్టుకోవాలి. బిగబట్టి పట్టుకుంటే చేతుల వణుకంతా ముందు చక్రానికి పోతుంది. రోడ్డు అంచున కాకుండా మన వరసలో మధ్యన నడపండి, జరిగినా చోటు ఉంటుంది.

కుడి నుంచి గాలి తోస్తుంటే తెలియకుండానే బండిని కుడికి వాల్చి నడుపుతాం. అప్పుడో లారీ మనల్ని దాటుతూ కుడి పక్కకి వస్తుంది. గాలి ఠక్కున ఆగిపోతుంది. వాల్చిన బండి లారీ వైపే పోతుంది. లారీ వెళ్లిపోగానే రెండింతలుగా మళ్లీ తోపు. అద్దంలో లారీ కనపడితే ఇంకా నెమ్మదించి, అది పోయేదాకా బండి నిటారుగా ఉంచుకోవాలి. వంతెన అతుకుల దగ్గర ఇనుప పట్టీలుంటాయి, తడిసినప్పుడు వాటి మీద బ్రేకూ వద్దు, వంపూ వద్దు.

వెనక సీటు మీద సంచులు ఎత్తుగా కట్టకండి, గాలికి అది తెరచాప. రెయిన్‌కోటు కూడా పైనుంచి దుప్పటిలా వేసుకునేది వద్దు. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్నది కొనండి.

ఒంగోలు_గిత్త
వానకోయిల అక్కా, లారీ సంగతి ఎవరూ చెప్పలేదు ఇంతవరకూ. ధన్యవాదాలు. కొబ్బరాకు అన్నా, పాలకొల్లులో తేల్చుకోమన్నది బాగుంది. ఇంట్లోవాళ్లకీ అదే చెప్పా, కాస్త శాంతించారు. బండ్లకి ఏం చేయించమంటారు?

స్పానర్_శీను
భీమవరంలో షెడ్డు నాది. వాన పడ్డ మర్నాడు నా షెడ్డు ముందు నిలబడే బండ్లన్నిటికీ రోగం ఒకటే, ప్లగ్ క్యాప్‌లో నీళ్లు. దాని రబ్బరు పగిలితే ఇప్పుడే మార్పించు, కాఫీ ఖర్చు. బుల్లెట్ పాతదంటున్నావు, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే పాత రకం బండైతే ఆ పాయింట్ల మూత సీలు కూడా చూడమను. టైరు గాడిలో చిన్న ఎత్తుంటుంది, అరుగుదల గుర్తు. టైరు దానితో సమానంగా అరిగితే ఆ టైరుతో వానలోకి రావద్దు, మాటల్లేవు. గాలి కంపెనీ చెప్పినంతే పెట్టు. తడిలో పట్టు కోసం గాలి తగ్గించమని చెప్పేవాళ్లుంటారు, వినకు. గాలి తగ్గితే గాడులు మూసుకుని నీళ్లు బయటికి పోవు.

డ్రమ్ బ్రేకులుంటే నీళ్లలోంచి బయటికి రాగానే బ్రేకు తేలిగ్గా తొక్కుతూ కాస్త దూరం నడుపు, వేడికి ఆరతాయి. లేకపోతే అవసరమైనప్పుడు తొక్కితే ఉత్తిదే.

రోడ్డు మీద నీళ్లు ఇరుసు దాటి ఉంటే దిగొద్దు. అంతకన్నా తక్కువైతే ఫస్టు గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా, ఒకే ఊపున. మధ్యలో ఆగిపోయిందా, సెల్ఫ్ నొక్కనే నొక్కొద్దు. తోసుకుని బయటికి తెచ్చి ప్లగ్ ఊడదీసి కిక్కు కొట్టు, సిలిండరులో నీళ్లుంటే చిమ్మేస్తుంది. పల్సర్‌కి కిక్కు లేకపోతే టాప్ గేరులో వేసి వెనక చక్రం చేత్తో తిప్పు. ఆయిలు గాజులో తెల్లగా పాలు కలిసినట్టు కనపడితే ఇంకక్కడే ఆగి ఆయిలు మార్పించాలి. నీళ్లలోనే సెల్ఫ్ నొక్కి నొక్కి ఇంజన్లో కనెక్టింగ్ రాడ్డు వంచుకుని వచ్చినోళ్లని చూశా. ఆ బిల్లు వింటే మనిషి మాట్లాడడు.

హెల్మెట్ అద్దం లోపల గిన్నెలు తోమే సబ్బు పల్చగా రాసి పొడి గుడ్డతో తుడిచెయ్యి, ఆవిరి పట్టదు.

గోదారోళ్ల_తాతయ్య
బాబూ, పాలకొల్లు మాది. మీరందరూ వాన గురించీ గాలి గురించీ చెబుతున్నారు, బాగానే ఉందండి. చెట్టు గురించి ఎవరూ చెప్పరేం? 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాణ్ణి. తెల్లారి మా చెల్లెల్ని చూద్దామని రాజోలు వైపు బయల్దేరితే రోడ్డన్నది కనపళ్లేదండి. మాను మీద నుంచి మాను మీదికి ఎక్కి దిగుతూ నడిచాం. అంత గాలి రానక్కర్లేదు, మామూలు ఈదురుగాలికే ఎండుమట్ట రాలుతుంది. నిండు మట్ట తడిసి ఎంత బరువుంటుందో ఎరుగుదురా? హెల్మెట్ మీద పడితే మెడ ఏమవుతుంది? గాలి లేచినప్పుడు తోట పక్కన బండి ఆపి నిలబడకూడదు. తడవకుండా చెట్టు కిందికి పోవడమైతే అసలే వద్దు, పిడుగు భయం ఒకటి. రబ్బరు టైర్లున్నాయి కదా పిడుగేం చేస్తుందిలే అనేవాళ్లున్నారు మా వీధిలో. అది ఒట్టిమాట, బండి మీద ఉన్నవాడికి ఏ రక్షణా లేదు.

గాలి తగ్గాక రాత్రి పూట అసలు బయల్దేరొద్దు. కరెంటు తీగలు తెగి మెడ ఎత్తున వేలాడుతుంటాయి. పగలైతే కనపడతాయి.

ఇంకోటి. ఇప్పుడు సార్వా కోతల రోజులు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కదా, అందుకని రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే ఆరబోస్తారు. వాన వస్తుందంటే రాశి చేసి బరకం కప్పి, చుట్టూ బండరాళ్లో కొబ్బరి మొద్దులో పెడతారు. నల్ల బరకం, తడిసిన తారు, రెండూ ఒకటే రంగు. చీకట్లో దగ్గరికి వెళ్తేగానీ తెలియదు. రైతుని తిట్టి లాభం లేదు, వాడి ఏడాది కష్టం అక్కడుంది. మనమే చూసుకోవాలి.

లాంగ్‌రైడ్_రాజా
తాతయ్య గారూ, బరకాల మాట ఒప్పుకుంటున్నా. కానీ దానికి రోడ్డు మీద ఆరబోయనివ్వడం ఎవరి...

నిర్వాహకుడు
రోడ్ల పాపం ఏ ప్రభుత్వానిదన్న పోస్టులు తీసేశాను. దానికి వేరే చోటుంది. ఇక్కడ బండి, వాన మాత్రమే.

కొబ్బరాకు
తాతయ్య చెప్పినవాటికి తోడు ఇంకో రెండు. కాలువ గట్టు రోడ్లు దగ్గరని గూగుల్ చూపిస్తుంది, వాన రోజు పోవద్దు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, పిట్టగోడ ఉండదు, రోడ్డు మీద ఒండ్రు మట్టి. మట్టి తడిస్తే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్నా ఏమీ పట్టుకోదు. రెండోది చేపల లారీలు. కృత్తివెన్ను, లోసరి వైపు రెండు పక్కలా చెరువులే, ఆ లారీల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. లారీ వెనకే నడిపితే ఆ జిడ్డు మీదే నడుస్తున్నట్టు.

లోసరి దగ్గర ఉప్పుటేరు దాటేటప్పుడు గాలి ఎలా ఉందో చూసుకోండి. అక్కడే కష్టంగా ఉంటే చించినాడ మీద ఇంకా కష్టం.

తుపాను_కన్ను
డబ్బులు నోట్ల రూపంలో కాస్త ఉంచుకోండి. కరెంటు పోయి టవర్లు పడుకుంటే ఫోన్‌పే లేదు, ఏమీ లేదు. ఏదైనా అయితే 112, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070. ఈ రెండూ కాగితం మీద కూడా రాసుకోండి.

ఒంగోలు_గిత్త
శుక్రవారం మధ్యాహ్నం, మచిలీపట్నం. పెడన రోడ్డులో టీ దగ్గర ఆగాం. చీరాల దాకా పొడి, బాపట్ల దాటాక ముసురు. ఎదురుగాలి, తుపాను_కన్ను గారు చెప్పినట్టే. వాయుగుండం తీవ్ర వాయుగుండం అయిందట. బావమరిది బుల్లెట్ బాగానే ఉంది, వాడే కొంచెం వణుకుతున్నాడు.

చింతామణి_చిట్టిబాబు
వాడికి రెండో టీ ఇప్పించు.

ఒంగోలు_గిత్త
పాలకొల్లు చేరాం, చీకటి పడింది. లోసరి వంతెన మీదే మా పని అయిపోయింది. వానకోయిల అక్క చెప్పిన తోపు అదే కాబోలు, బండి అడుగున్నర పక్కకి జరిగింది. బుల్లెట్ బరువుకి వాడికంత తెలియలేదు. నరసాపురం దాటాక వాన ఎంత జోరంటే అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇరవైలో నడిపాం. దిగమర్రు దగ్గర పోలీసులు బళ్లు ఆపి ఎటని అడుగుతున్నారు. ఇక ఆలోచించలేదు, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. కరెంటు లేదు. లాడ్జి అబ్బాయి కొవ్వొత్తి ఇచ్చి, బండ్లు వరండాలో పెట్టించాడు.

గోదారోళ్ల_తాతయ్య
మంచి పని చేశారు. బస్టాండు దగ్గరంటే మా ఇంటికి నడిచే దూరమే. పొద్దున్నే రండి, పెసరట్టు వేయిస్తాను. మొహమాటపడకండి.

వానకోయిల
కాకినాడలో గాలి బాగా లేచింది. ఉప్పాడ బీచ్ రోడ్డు మూసేశారు, కెరటాలు రోడ్డు మీదికి వస్తున్నాయి. రేపు ఎదుర్లంక వైపు ఆలోచించకండి.

ఒంగోలు_గిత్త
శనివారం. తెల్లారినా వాన తెరిపివ్వలేదు, గాలి మాత్రం తగ్గింది. తాతయ్య గారింట్లో పెసరట్టు తిని, ఆయన మనవడు కొంత దూరం దారి చూపిస్తే మార్టేరు మీదుగా బయల్దేరాం.

మార్టేరు దాటాక చూశాను ఆ బరకాల సంగతి. రోడ్డులో సగం దాకా వరసగా రాశులు. ఒక ముసలాయన, ఒకావిడ బరకం మీద నిలిచిన నీళ్లని పళ్లెంతో ఎత్తి పోస్తున్నారు. ఆవిడ పళ్లెం దించకుండానే మెల్లగా వెళ్లమని చేత్తో సైగ చేసింది. చూస్తే ఆ రాశి అంచున పెట్టిన మొద్దు ఒకటి నీళ్లకి దొర్లి రోడ్డు మధ్యకొచ్చి ఉంది. పగలు కాబట్టి కనపడింది. దిగి దాన్ని మళ్లీ రాశి పక్కన పెట్టాం. ఆ ధాన్యం ఏ రకమని మావాడు అడిగితే, "స్వర్ణే బాబూ, మార్టేరు స్వర్ణ" అని, మళ్లీ నీళ్లెత్తడంలో పడిపోయాడాయన.

సిద్ధాంతం దగ్గర 16 ఎక్కాక వశిష్ఠ వంతెన మీద నెమ్మదిగా వచ్చాం. జొన్నాడ దగ్గర గౌతమి కూడా దాటేశాం. ఇప్పుడు రాజానగరంలో.

కొబ్బరాకు
అయితే కోనసీమ చూడకుండానే పోయారన్నమాట. రావులపాలెం దాటారుగా, అరటి గెలలు చూసి ఉంటారు, సగం కోనసీమ చూసినట్టే లెండి.

స్పానర్_శీను
విశాఖ వెళ్లగానే చైను గుడ్డతో తుడిచి 90 గేరాయిలు పట్టించు. రేపు నిశ్చితార్థం హడావిడిలో మర్చిపోతే సోమవారానికి ఎర్రగా తుప్పు. బుల్లెట్ వెనక డ్రమ్ము ఒకసారి విప్పించి దుమ్ము దులిపించు.

ఒంగోలు_గిత్త
రాత్రి విశాఖ చేరాం. తుని దాటాక వాన లేదు. చైను ఇప్పుడే తుడిచా శీనన్నా. తిరుగు ప్రయాణంలో ఆకాశం బాగుంటే యానాం మీదుగానే. పెట్రోలు అక్కడ తక్కువ కదా, ట్యాంకు ఖాళీ చేసుకుని వస్తాం.

కొత్తబండి_కొండలు
పాత చర్చ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను జూలైలో రాజమండ్రి నుంచి గోదారి గట్టు వెంట నరసాపురం వచ్చి, పంటు (బండ్లనీ మనుషులనీ నది దాటించే పడవ) మీద సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్దామనుకుంటున్నా. జూలైలో తుపాన్లు ఉండవు కదా, ఇబ్బంది లేదు కదా?

తుపాను_కన్ను
తుపాను ఉండదు, వరద ఉంటుంది. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన మహారాష్ట్ర, తెలంగాణల్లో పడిన వాన గోదారిలో వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం మట్టం ముందే చూస్తే ఇంకా నయం, నీళ్లు అక్కడి నుంచే కదా దిగివచ్చేది. 2022లో జూలైలోనే మూడో హెచ్చరిక దాటి చాలా దూరం పోయింది.

కొబ్బరాకు
మొదటి హెచ్చరికకి ముందే మా వైపు కాజ్‌వేలు (ఏటి పాయల మీద తక్కువ ఎత్తులో వేసిన రోడ్లు) మునగడం మొదలవుతుంది. కనకాయలంక కాజ్‌వే మునిగిందని వార్తల్లో వచ్చిందంటే లంక ఊళ్ల వైపు బండి తిప్పకండి. కాజ్‌వే మీద నీళ్లు మోకాలి లోతే అనిపిస్తాయి, పక్కకి లాగే జోరు పైకి కనపడదు.

గోదారోళ్ల_తాతయ్య
వరద పెరిగితే పంటు ఆపేస్తారు బాబూ. అప్పుడు నరసాపురం నుంచి వెనక్కొచ్చి చించినాడ వంతెన మీదుగా రాజోలు, మలికిపురం తిరిగి అంతర్వేది వెళ్లాలి. పంటు నడుస్తుంటే మాత్రం ఎక్కండి, బాగుంటుంది. బండికి సెంటర్ స్టాండు వేసి పక్కనే నిలబడండి. సైడు స్టాండు వేసి ఫొటోలకి పోతే ఊగినప్పుడు పక్కవాడి బండి మీద పడుతుంది, తర్వాత గొడవ.

కొత్తబండి_కొండలు
సరేనండీ. నా బండికి సెంటర్ స్టాండే లేదు, ఏం చెయ్యమంటారు?

స్పానర్_శీను
గేరులో వేసి పట్టుకుని నిలబడు.